ఆకుల మామ ఎంచిన హోటలు

ఆకుల మామ పోయాడని పెనుకొండ నుంచి ఫోన్ వచ్చేసరికి నాయన మధ్యాహ్నం కునుకులో ఉన్నాడు. లేపి చెప్పాను. లేచి కూర్చుని కాసేపు తన కాళ్ల వేళ్ల వైపే చూశాడు. తర్వాత అడిగిన మొదటి మాట ఇది: "దినాలకు ఆకులు యాడనుంచి తెప్పిస్తారంట?"

నాకు ఒళ్లు మండింది. మనిషి పోయి పూట కాలేదు, ఈయనకు అప్పుడే భోజనాల మీద ధ్యాస. కానీ చొక్కా తొడుక్కుంటుంటే చూశాను, పై గుండీ కింది కాజాలో పెట్టుకుని అది ఎందుకు సరిపోవడం లేదో తెలియక నిలబడి ఉన్నాడు. అప్పుడు నోరు మూసుకున్నాను. నాయనకు ఏడుపు వస్తే ఏదో ఒక పనికిమాలిన ప్రశ్న వేస్తాడు. ఆ సంగతి నాకు తెలిసీ ప్రతిసారీ మర్చిపోతాను.

ఆకుల మామకూ ఒక పేరు ఉండేది. ధర్మవరంలో మా ఇంట్లోగానీ, హిందూపురంలో పెద్దనాయన ఇంట్లోగానీ ఎవరూ దాన్ని వాడలేదు. పెద్దవాళ్లకు ఆకులాయప్ప, పిల్లలకు ఆకుల మామ. మాకు చుట్టం కాడు. పెనుకొండ బస్టాండు పక్క సందులో విస్తరాకుల అంగడి పెట్టుకున్న మనిషి. ఎండిన మోదుగాకులను ఈనెపుల్లలతో కుట్టించి, నూరేసి చొప్పున కట్టలు కట్టి, వారానికొకసారి ప్యాసింజరు బండిలో బెంగళూరు తీసుకుపోయి అక్కడి హోటళ్లకు వేసేవాడు. ఒంటి మీద ఎప్పుడూ ఎండుటాకుల వాసన. నోట్లో ఎప్పుడూ ఒక ఈనెపుల్ల. మనసు బాగుంటే అది ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ ఉండేది. కంగారు పుడితే దాన్ని తీసి చిన్న చిన్న ముక్కలుగా విరిచి చొక్కా జేబులో వేసుకునేవాడు. జేబు చూసి ఆ రోజు ఎలా గడిచిందో చెప్పవచ్చని అవ్వ అనేది.

ఇంకో అలవాటు ఉండేది. ఎవరింటికైనా సరే వెనక తలుపు నుంచే వచ్చేవాడు. బెంగళూరు హోటళ్లకు సరుకు వేసీ వేసీ అలా అయిపోయిందేమో. మా ఇంటికి వచ్చినా పెరటి దోవనే వచ్చి, అంట్లు తోమే చోట ఒక నిమిషం నిలబడి, ఆ తర్వాతే "ఏమ్మా, ఉండారా?" అని కేకేసేవాడు. మా అమ్మకు ఇది నచ్చేది కాదు. ముందు నుంచి రావచ్చు కదన్నా అంటే నవ్వేవాడు. "ముందర అందురూ నవ్వుతారమ్మా. ఎనకపక్క చూడల్ల." వెనక వైపే చూడాలనే ఈ మాట ఆయన నోట కనీసం నూరుసార్లు విని ఉంటాను. బెంగళూరులో ఒక ఆదివారం ఆ మాటే మమ్మల్నందరినీ నట్టేట ముంచబోయింది. దాని గురించే ఇదంతా రాస్తున్నాను.

నాయనకూ పెద్దనాయనకూ పన్నెండేళ్లు మాటల్లేవు. కారణం చెబితే నవ్వుతారు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టులో దళారీ పని బాగా సాగి పెద్దనాయన కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశం రోజు పంక్తిలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బొబ్బట్లు, మా దగ్గర ఓళిగలంటాం, వడ్డించారు. వెనకే నెయ్యి వచ్చింది. పెద్దనాయన ఆకులో పోశారు, నాయన ఆకు దగ్గరకు వచ్చేసరికి గిన్నె వెనక్కు తిరిగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. వచ్చిందిగానీ అవతలి చివర నుంచి మొదలుపెట్టుకుంటూ వచ్చింది. అది ఇక్కడికి చేరే లోపల నాయన లేచేశాడు. లేచే ముందు ఆకు మడిచాడు. శుభకార్యంలో ఆకును మన వైపుకు మడుచుకోవాలి. అవతలికి మడిచేది చావు భోజనంలో. నాయన అవతలికి మడిచాడు. కొత్త ఇంట్లో, అందరూ చూస్తుండగా.

పెద్దనాయన దృష్టిలో అది శాపం పెట్టినట్టే. నాయన దృష్టిలో, అన్న కనుసైగ చేసి నెయ్యి గిన్నెను తన ఆకు దాటించాడు. నాలుగు డబ్బులు కలిగిన తర్వాత తమ్ముడు కంటికి ఆనలేదు. మగ్గాల మీద బతికేవాడికి నెయ్యి ఎందుకులే అనుకున్నాడు. ఇదీ ఆయన కట్టుకున్న కథ. పన్నెండేళ్లు దాన్ని మేపుకుంటూ వచ్చాడు.

ఆ రోజు నెయ్యి గిన్నె పట్టుకున్నది ఆకుల మామ.

ఆకులు వేసేందుకు వచ్చిన మనిషి, చేతులు చాలడం లేదని గిన్నె అందుకున్నాడు. ఆ తర్వాత నాయనకు చెప్పబోయాడు. ఒకసారి నేనే విన్నాను. "గిన్నెలో అయిపోయిందప్పా. నింపుకోని వస్తాంటే ఎవురో ఆ కొస నుంచి పిల్చినారు. అంతే జరిగింది." నాయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆకుల మామకు కొంత నయంగా ఉండేదేమో. భుజం తట్టి, "నువ్వు మంచోడివి, కప్పిపెడతాండావు. నువ్వు చెయ్యివే. కన్ను ఎవురిదో నాకు తెలుసు" అన్నాడు. అప్పటి నుంచి ఆకుల మామ ఏ పంక్తిలోనూ గరిటె ముట్టలేదు. ఆకులు వేస్తాడు, నీళ్లు పోస్తాడు, తిన్న తర్వాత ఎత్తుతాడు. వడ్డించమంటే మాత్రం చేతులు వెనక్కు పెట్టుకుంటాడు.

అవ్వ ఆరు నెలలు ధర్మవరంలో మా దగ్గర, ఆరు నెలలు హిందూపురంలో పెద్దనాయన దగ్గర ఉండేది. ఒకరి ఊరికి ఒకరు వెళ్లరు కాబట్టి మార్పిడి పెనుకొండలో జరిగేది. నాయన అవ్వను తీసుకొచ్చి ఆకుల అంగట్లో కూర్చోబెట్టి వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లిపోయేవాడు. గంట తర్వాత పెద్దనాయన వచ్చి తీసుకుపోయేవాడు. ఆ గంట అవ్వ ఊరికే కూర్చోకుండా ఆకులు కుట్టేది. ఒకసారి బస్సు ఆలస్యమైంది. పెద్దనాయన వచ్చేశాడు, నాయన ఇంకా సందు మలుపులోనే ఉన్నాడు. ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి అక్కడున్న సోడా బండి వైపు తిరిగి నిలబడ్డారు. ఆకుల మామ జేబు ఆ రోజు నిండి ఉంటుంది.

అవ్వ కళ్లకు పొర కమ్మిందని మొదట కనిపెట్టింది ఆయనే. ఆకులు కుడుతూ ఈనెపుల్లను ఆకులో కాకుండా వేలిలో గుచ్చుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇద్దరు కొడుకుల ఇళ్లలోనూ ఎవరూ గమనించలేదు. మొదటి ఆరు నెలలవాళ్లు రెండో ఆరు నెలలవాళ్లు చూస్తారులే అనుకున్నారు. ఇది మా గురించి నేను ఒప్పుకోవాల్సిన మాట.

బెంగళూరులో కంటి ఆసుపత్రి ఆయనే వాకబు చేశాడు. నేను అప్పుడు అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. అంతా కుదిరింది. అవ్వ మాత్రం కుదరలేదు. అంగట్లో ఆకుల కట్ట మీద కూర్చుని, దించిన కొడుక్కీ, తీసుకుపోవడానికి వచ్చిన కొడుక్కీ ఒకే మాట చెప్పింది. "ఆపరేసను యాలరా నాకు? మీ మొగాలు వేరేవేరేగా చూసేదానికి ఈ చూపు చాలు. ఇద్దురూ ఒక పంక్తిలో కూకోని తింటారంటే చెప్పండి, చేపిచ్చుకుంటా. ల్యాకుంటే ఇట్లే పోతా."

నాయన మూడు వారాలు నాన్చాడు. పెద్దనాయన నాలుగు వారాలు. అప్పటికి అవ్వ గోడ పట్టుకుని నడుస్తోంది. చివరికి ఇద్దరూ ఆకుల మామ ద్వారా ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. వాళ్లింట్లో వీళ్లు చేయి కడగరు, వీళ్లింట్లో వాళ్లు కడగరు. బెంగళూరులో ఆపరేషన్ అయిన తర్వాత ఏదైనా హోటల్లో అయితే సరే. ఎవరిదీ కాని చోటు, పిలిచేవాడూ పిలిపించుకునేవాడూ లేని చోటు. హోటలు ఎంచే పని ఆకుల మామ నెత్తిన పడింది. నిజానికి ఆయనే ఎత్తుకున్నాడు.

ఇంత పెద్ద ఊరిలో ఒక హోటలు వెతకడం ఏం బ్రహ్మవిద్య అనుకున్నాను. నాకు తెలిసిన చోట్లు నాలుగు చెప్పాను. అద్దాల తలుపులు, చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు. ఆయన తల ఊపి, నన్ను వెంటబెట్టుకుని ఆ నాలుగింటికీ వెనక సందుల నుంచి తీసుకెళ్లాడు. కాలేజీకి వేసుకునే మంచి చుడీదారులో, ఉల్లిపొట్టు కుప్పలు దాటుకుంటూ, ముక్కు మూసుకుని నడిచాను. స్నేహితురాళ్లు ఎవరైనా చూస్తారేమోనని నా భయం నాది.

మొదటిదాంట్లో అన్ని పళ్లాలూ ఒకే తొట్టిలో ముంచి తీస్తున్నారు. "ఈడ వద్దు." రెండోదాంట్లో అంతా శుభ్రం. కానీ వంటమాస్టరు గొంతు చించుకుని అందరినీ తిడుతున్నాడు. ఆకుల మామ గడప బయటే ఆగిపోయాడు. "తిట్టుకుంటా వండింది తింటే మనోళ్లు ఈడే కొట్లాడుకుంటారు పాపా." మూడోదాని వెనక పనివాళ్లు ఇళ్ల నుంచి తెచ్చుకున్న డబ్బాలు విప్పుకుని తింటున్నారు. ఆయనకు నిజంగా కోపం వచ్చింది. "వండినోడే తినడంట. పెద్దమ్మకు పెడతాడంట."

"మామా, ఇట్ల చూస్తే ఈ ఊర్లో ఎవరూ తినలేరు" అన్నాను. కాళ్లు నొప్పులు, ఆకలి, సెమిస్టర్ పరీక్షలు.

"వీళ్లు మామూలుగా తినేదానికి వస్తాండారా పాపా? ఒక్క మెతుకు తేడా వచ్చినా లేచిపోతారు. మల్లా కూకోరు. నాకు ఇంగొకసారి లేదు."

ఆ చివరి మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు. చేతిలో పుల్ల విరుస్తున్నాడు. నాకు అప్పటిదాకా ఇది అవ్వ పని, నాయన పని అనే అనిపించింది. ఇది ఆయన పని కూడా అని ఆ సందులో అర్థమైంది. ఆ తర్వాత ముక్కు మూసుకోలేదు.

నాలుగోదీ, ఆ తర్వాత ఆయన చూపించిన ఐదోదీ కూడా తేలలేదు. ఆరో హోటలు చిక్కపేట వైపు ఒక పాత శాకాహార భోజనశాల. వెనక రేకుల షెడ్డు కింద నాపరాళ్లు పరిచిన నేల. పదకొండు గంటలకు వెళ్లేసరికి పనివాళ్లు రెండు వరసల్లో కూర్చుని తింటున్నారు. ఆకుల మామ వేసిన విస్తరాకుల్లోనే. నెరిసిన మీసాల వంటమాస్టరు స్వయంగా తిరుగుతూ వడ్డిస్తున్నాడు. గిన్నెలు తోమే ఆమెకు ఎంతో, గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆయనకూ అంతే. ఆకుల మామ గోడకు ఆనుకుని, ఆ వడ్డన ఈ కొస నుంచి ఆ కొసకు పోయేదాకా రెప్ప వేయకుండా చూశాడు. ఏ ఆకూ తప్పిపోలేదు. ఆఖరి మనిషి చేయి అడ్డం పెట్టి చాలనేదాకా చూసి, అప్పుడు ఊపిరి వదిలాడు.

"ఇదే పాపా."

"ఒకసారి ముందు నుంచి కూడా చూద్దామా మామా?"

"ముందర చూసేదేముందిలే. అందురూ నవ్వుతారు."

నేను పట్టుబట్టి ఉండాల్సింది. హాస్టల్లో అన్నం గంట దాటిపోతుందని ఊరుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను గిల్లుతుంది.

శుక్రవారం ఆపరేషన్. శనివారం పొద్దున కట్టు విప్పి నల్ల కళ్లద్దాలు పెట్టారు. నన్ను చూసి అవ్వ "చిక్కిపోయినావే" అంది. ఆకుల మామను చూసి "నీకింత ముసలితనం ఎప్పుడొచ్చిందిరా?" అంది. కొడుకులు ఒక్కొక్కరే లోపలికి వస్తే మాత్రం కొంగు ముఖం మీదికి లాక్కునేది. "వేరేవేరేగా వద్దు. రేపు చూస్తా." నాయన పొద్దున వచ్చి కొంగుతో మాట్లాడి వెళ్లాడు. పెద్దనాయన సాయంత్రం వచ్చి కొంగుతో మాట్లాడి వెళ్లాడు. నర్సులకు నవ్వు ఆగలేదు.

ఆదివారం ఒంటిగంటకు ఆటోల్లో వెళ్లాం. ఒక ఆటోలో నేనూ నాయనా, ఇంకోదాంట్లో పెద్దనాయనా అవ్వా. ఆకుల మామ హోటలు ముందు ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. ముందు తలుపు దగ్గర ఆయన్ని చూడడం నాకు అదే మొదటిసారి, కొత్త ఊరిలో దిగినవాడిలా అటూ ఇటూ చూస్తున్నాడు. హాలు పైన ఉందని చెబితే మెట్లెక్కాం. అవ్వ తల వంచుకుని, మెట్లను తప్ప ఏదీ చూడకుండా ఎక్కింది.

పైన ఒక్క విస్తరాకు లేదు. కుర్చీలు గోడల వెంట సర్దారు. మధ్యలో పొడుగాటి బల్ల, దాని మీద మూతలు పెట్టిన స్టీలు పాత్రలు, కింద చిన్న మంటలు. బల్ల కొసన పింగాణీ పళ్లాలు దొంతరగా పేర్చారు. జనం తలా ఒక పళ్లెం పట్టుకుని వరసలో జరుగుతున్నారు. తెల్ల కోటు తొడుక్కున్న మనిషి నాయనకు ఎదురొచ్చి, "ప్లేట్ తగొళ్ళి సార్, ఏను బేకో హాక్కొళ్ళి" అన్నాడు. పళ్లెం తీసుకుని కావలసింది వేసుకోమని. కన్నడం నాయనకు బాగానే వచ్చు. రాకపోయినా బాగుండేది.

నేను ఆకుల మామ వైపు చూశాను. ఆయన ఇంకా హాలంతా కళ్లతో వెతుకుతున్నాడు. ఇన్నేళ్లూ ఆయన వేసిన ఆకులు పైకి రానే రాలేదు. పనివాళ్లు తినడానికి, పార్శిళ్లు కట్టడానికి అయిపోయాయి. వెనక చూసిందే ముందరా ఉంటుందనుకున్నాడు ఆ మనిషి.

"పళ్లెం చేతబట్టుకోని వరసలో నిలబడి అడుక్కుతినేదానికా నేను ధర్మవరం నుంచి వచ్చింది?" నాయన గొంతు హాలంతా వినపడింది.

పెద్దనాయన అవ్వ చెవి దగ్గరకు వంగి, అందరికీ వినపడేలాగానే అన్నాడు. "చెప్పినా కదమ్మా. ఆయప్పకు ఏదో ఒక వంక దొరుకుతాదని."

నాయన ఆయన వైపు చూడలేదు. ఆకుల మామ మీదికి తిరిగాడు. "ఈ హోటలు ఎవురు ఎంచినారు?"

"నేనేప్పా."

"ఎవురు చెప్తే ఎంచినావు?"

"ఎవురూ చెప్పలేదప్పా. నేనే చూసినా."

"ఎప్పుడూ ఇట్లే అంటావు నువ్వు."

ఆ మాట ఆయనకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. చేయి నోటి దాకా వెళ్లింది, పుల్ల లేదు, అప్పటికే విరిచేసినట్టున్నాడు. నేను "నాయనా, నువ్వు కూకో, నేను వేసుకోని వస్తా" అన్నాను. "నోర్మూసుకో" అన్నాడు. పళ్లాలు పట్టుకున్నవాళ్లు మా వైపు చూస్తూ చుట్టూ తిరిగిపోతున్నారు.

గోడ పక్క కుర్చీలో తల వంచుకుని కూర్చున్న అవ్వ అడిగింది. "ఇద్దురూ కూకున్నారా? తలెత్తచ్చా?"

నాయన ముఖం మెట్ల వైపు తిప్పుకున్నాడు.

"ఏమే పాపా, కూకున్నారా?"

"ఇంగా లేదవ్వా" అన్నాను.

తిరిగి చూస్తే ఆకుల మామ లేడు. నాయన మెట్ల దగ్గరకు వెళ్లి కమ్మీ మీద చేయి వేసి నిలబడ్డాడు. ఇంకొక అడుగు వేస్తే కిందికి దిగిపోతాడు. ఆయన దిగితే పెద్దనాయన దిగుతాడు. అవ్వ కొంగు మళ్లీ ముఖం మీదికి వస్తుంది, ఇక తీయదు. "పారిపోయినాడు" అన్నాడు పెద్దనాయన. పది నిమిషాలు పట్టిందో పావుగంట పట్టిందో చెప్పలేను. ఆ కాసేపట్లో నాకు ఇద్దరి మీదా అసహ్యం వేసింది. అది ఇప్పుడు రాయడానికి సిగ్గుపడను.

హాలు చివర వంటింటి వైపు ఉన్న చిన్న తలుపు తెరుచుకుంది. ఆకుల మామ. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి, చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"రాండి. ఆకులేసినా."

ఆ గొంతులో ఏముందో, నాయన కమ్మీ వదిలాడు. ఆ తలుపు వెనక ఇనుప మెట్లు, కింద వంటిల్లు, ఆవిరి, తడి నేల. అవ్వ జారుతుందని నాయన ఒక చేయి పట్టుకున్నాడు. రెండో చేయి పెద్దనాయన పట్టుకున్నాడు. పట్టుకున్న సంగతి వాళ్లకు తెలిసినట్టు లేదు. నేను వెనక నడుస్తూ దేవుడా ఇప్పుడు ఎవరూ మాట్లాడకూడదు అనుకున్నాను.

రేకుల షెడ్డు కింద, ఆదివారం రద్దీతో పొద్దున తినలేకపోయిన పనివాళ్లు అప్పుడే కూర్చుంటున్నారు. వాళ్ల వరసలో పక్కపక్కనే రెండు ఆకులు ఖాళీగా ఉన్నాయి, కడిగి, నీళ్లు చల్లి. ఎదురుగా అవ్వకు ఒక పెట్టె తిరగేసి, పైన గోనెసంచి మడిచి వేశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నారు.

"ఇంగ తలెత్తు పెద్దమ్మా" అన్నాడు ఆకుల మామ.

అవ్వ తలెత్తింది. నల్ల అద్దాల వెనక ఏం జరుగుతోందో కనపడలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసి అంది. "పెద్దోడు నెరిసిపోయినాడు. చిన్నోని మొగం అచ్చం వాళ్ల నాయన మొగమైంది." అంతే.

అన్నాలు వడ్డించారు. తర్వాత ఓళిగలు. ఆదివారం కాబట్టి పైనా అవే, కిందా అవే. వంటమాస్టరు నెయ్యి గిన్నె తీసుకుని బయలుదేరబోతుంటే ఆకుల మామ చేయి చాచాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ చేయి గరిటె పట్టుకుంది. గిన్నెలోకి ఒకసారి తొంగి చూసుకున్నాడు. నిండా ఉంది. అయినా ఇంకోసారి చూసుకున్నాడు.

కొస నుంచి మొదలుపెట్టి పెద్దనాయన దగ్గరకు వచ్చాడు. "చాలు" అన్నాడు పెద్దనాయన. ఇప్పుడు నాయన ఆకు. ఆకుల మామ వంగి, గిన్నెను కిందికి, నాయన కళ్ల ముందుకు దించి, గరిటె వంచాడు. మా దగ్గర తినేవాడు చాలనేదాకా పోసేవాడు ఆపకూడదు. నాయన చాలనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆకు వైపే చూస్తున్నాడు. రెండో గరిటె. మూడోది. ఓళిగ మునిగింది. నాలుగో గరిటెకు నెయ్యి పప్పులోకి పాకింది. ఆకుల మామ ఆగడం లేదు. గిన్నె ఖాళీ అయినా నింపుకుని వచ్చి పోసేలా ఉన్నాడు. పనివాళ్లు తినడం మానేసి చూస్తున్నారు. నెయ్యి ఆకు అంచున ఈనెపుల్ల కుట్టు దగ్గరకు వచ్చి ఆగింది.

"చాలనరా" అన్నాడు పెద్దనాయన. "ఆకు దాటిపోతాంది."

పన్నెండేళ్లలో అన్న తమ్ముడితో నేరుగా అన్న మొదటి మాట అది. నాయన చేయి లేచింది. ఆకు మీద అడ్డం పెట్టాడు. "చాలు" అన్నాడు.

ఆకుల మామ వంగిన మనిషి వంగినట్టే ఉన్నాడు. "ఆ పొద్దు గిన్నెలో అయిపోయిందప్పా" అన్నాడు, నాయనకు మాత్రమే వినపడేంత చిన్నగా. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది. "అంతే. ఇంగేం లేదు."

నాయన అడ్డం పెట్టిన చేయి తీశాడు. ఓళిగ తుంచి నెయ్యిలో ముంచుకుని తిన్నాడు. చివర ఆకు మడిచేటప్పుడు పెద్దనాయన నీళ్లు తాగుతున్నట్టు లోటా పైకెత్తి ఓరకంట చూస్తున్నాడు. నాయన తన వైపుకు మడుచుకున్నాడు. ఆ సాయంత్రం అవ్వా, ఇద్దరు కొడుకులూ ఒకే బండిలో కూర్చున్నారు. అవ్వ పెద్దనాయనతో హిందూపురంలో దిగిపోయింది. పెనుకొండలో దించే అవసరం ఇక రాలేదు.

అన్నదమ్ములు కలిశారు. ఆకుల మామ మాటకు మాత్రం నాయన ఎప్పటికీ బదులు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఆ మాట నమ్మితే, పన్నెండేళ్లు ఒక ఖాళీ గిన్నె కోసం పోయాయని ఒప్పుకోవాలి. అన్నను క్షమించడం దానికంటే సులువు. ఆకుల మామ మళ్లీ అడగలేదు. పెరటి దోవన వచ్చేవాడు, కూర్చునేవాడు, నాయన మాట్లాడతాడేమోనని ఒక క్షణం చూసి, పుల్లను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పుకునేవాడు. పదేళ్లు అలాగే చూసి పోయాడు.

దినాల రోజుకు నాయన ఆ మధ్యాహ్నం అడిగిన ప్రశ్నే ఎదురైంది. పెనుకొండలో ఆకుల మామ అంగడి మూతపడి చాలా కాలమైంది. ఆయన ఇంటి ముందు కాగితపు పళ్లాలు పెట్టెల్లో దింపి ఉన్నాయి. నాయన ధర్మవరం అంతా తిరిగి దొరక్క, బస్సెక్కి ఓబులదేవరచెరువు పోయి, ఇంకా ఆకులు కుట్టే ఒక ముసలామెను పట్టుకుని ఒక కట్ట తెచ్చాడు. ఎవరినీ ముట్టనివ్వకుండా తానే నడుం వంచి వరసంతా వేశాడు. హిందూపురం నుంచి కర్ర ఊతంతో వచ్చిన పెద్దనాయన ఆయన పక్కన కూర్చున్నాడు.

ఆకుల మామ పెద్దకూతురు నెయ్యి తీసుకుని వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి, ఆకులు సరిగా కనపడుతున్నాయో లేదో. పెద్దనాయన పప్పన్నంలో పోసింది. నాయన ఆకు మీద గరిటె వంచితే ఏమీ పడలేదు. గిన్నె వంచి చూసుకుంది. ఏమీ లేదు. ఆమె వెనక్కు తిరిగింది.

పెద్దనాయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మణ్ణీ" అని పిలిచాడు నాయన.

ఆమె భయపడి ఆగింది.

"నిదానంగా నింపుకోని రామ్మా." నాయన తన ఆకును సరిగ్గా జరుపుకున్నాడు. మళ్లీ అన్నాడు. "నేను యాడికీ పోను."

పెద్దనాయన చేతిలో ముద్దను ఆకులో పెట్టేశాడు. నెయ్యి వచ్చేదాకా ఇద్దరు ముసలివాళ్లూ వంటింటి వైపు చూస్తూ కూర్చున్నారు.